అమ్మాయి సాహిత్యం చదువుతానంటే



మధ్యాహ్నం భోజనాలై, వంటిల్లు సర్దుకుని, కాసేపు నడుం వాలుద్దామనుకునే వేళకు మీ ముందుకు వచ్చాను. ఇవాళ వంటల గురించీ, పిల్లల జలుబుల గురించీ కాకుండా ఒక చదువు గురించి చెబుదామనుకుంటున్నాను. మనలో చాలామంది పేరైనా వినని చదువు. దాన్ని తులనాత్మక సాహిత్యం అంటారు. ఇంగ్లీషులో కంపారటివ్ లిటరేచర్.

ఈ మాట మొదటిసారి నా చెవిన పడింది కిందటి వేసవిలో. మా పై వాటాలో ఉండే ఆవిడ ఓ సాయంకాలం కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయి బి.ఏ. పూర్తి చేసింది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. "వదినగారూ, మీరు రేడియోలో నలుగురికీ మంచీ చెడ్డా చెబుతూ ఉంటారు కదా, దీనికి కూడా కాస్త చెప్పండి. యూనివర్సిటీలో అదేదో సాహిత్యం ఎం.ఏ. చదువుతానని కూర్చుంది. వాళ్ళ నాన్నగారేమో బి.ఇడి. చెయ్యమంటున్నారు. రెండేళ్ళు చదివి, ఉద్యోగం రాక ఇంటికొస్తే అప్పుడేం చేస్తాం? ఆయన రిటైరవడానికి ఇంక నాలుగేళ్ళే ఉంది" అన్నారు.

నేను ఒక్క నిమిషమైనా ఆలోచించకుండా సలహా చెప్పేశాను. "కథలూ నవలలూ ఇంట్లో కూర్చుని కూడా చదువుకోవచ్చమ్మా. దానికి యూనివర్సిటీ దాకా ఎందుకు? బి.ఇడి. చేస్తే పంతులమ్మ ఉద్యోగమైనా దొరుకుతుంది" అన్నాను. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. లేచి వెళుతూ మాత్రం, "అత్తయ్యగారూ, ఆ చదువులో ఏం చెబుతారో మీకు తెలుసాండీ?" అని అడిగింది. నిష్ఠూరంగా అడగలేదు, మామూలుగానే అడిగింది. నాకు తెలియదు. పదో తరగతి పాసయి చదువు ఆపేసినదాన్ని. ఆ రోజు నాకు కూడా ఇంట్లో ఒకరు ఇలాగే, ఏమీ కనుక్కోకుండా, "ఆడపిల్లకి ఇంకెందుకు చదువు" అని తేల్చేశారు. ఆ మాట గుర్తుకొచ్చి రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, "నువ్వు తెచ్చుకున్న కాగితాలన్నీ పట్టుకురా, ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాను. అప్పటినుంచి అడిగీ, చదివీ తెలుసుకున్నది మీకు చెబుతాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్ల ఉండవచ్చు.

తులన అంటే పోల్చిచూడడం. ఒకే భాషలోని పుస్తకాలు చదివి ఊరుకోకుండా రెండు మూడు భాషల సాహిత్యాన్ని పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒక కథ ఒక భాషలోంచి ఇంకో భాషలోకి ఎలా వెళ్ళింది, వెళ్ళేటప్పుడు ఏం మారింది, ఎందుకు మారింది అన్నది ఆలోచిస్తారు. పెద్ద మాటల్లా ఉన్నాయి కానీ, ఈ పని మనకు కొత్తదేమీ కాదు. దేవదాసు ఎవరివాడు? 1953లో అక్కినేని నాగేశ్వరరావు వేసినప్పటినుంచీ మనవాడే అనుకుంటాం. కానీ ఆ నవల శరత్‌చంద్ర ఛటర్జీ బెంగాలీలో రాసింది, 1917లో అచ్చయింది. చక్రపాణిగారి వంటివాళ్ళ తెనుగు చేతల వల్ల మన అమ్మమ్మల కాలంలో శరత్‌బాబు తెలుగువాడే అనుకున్న ఇళ్ళున్నాయి. ఎక్కడి బెంగాలు, ఎక్కడి గోదావరి! ఆ బెంగాలీ పార్వతి కష్టం మన ఆడవాళ్ళకి సొంత కష్టంలా ఎందుకు తోచింది? ఇదిగో, ఇలాంటి ప్రశ్నతోనే ఆ చదువు మొదలవుతుంది.

మన సాహిత్యం పుట్టుకే ఇలాంటిది. నన్నయగారు సంస్కృత భారతాన్ని తెలుగు చేయబూనుకోవడంతో మన కావ్యాలు మొదలయ్యాయి. శ్రీనాథుడు శ్రీహర్షుడి నైషధాన్ని తెలుగులోకి తెచ్చాడు. మనం తెచ్చుకోవడమే కాదు, ఇచ్చాం కూడా. పాల్కురికి సోమనాథుడు తెలుగులో రాసిన బసవపురాణాన్ని 1369లో భీమకవి కన్నడంలో రాశాడు. వీరేశలింగం పంతులుగారి రాజశేఖర చరిత్రకు ఇంగ్లీషులో గోల్డ్‌స్మిత్ రాసిన నవల ప్రేరణ. మళ్ళీ ఆ రాజశేఖర చరిత్రే 1887లో ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఇరుగు పొరుగు ఇళ్ళమధ్య కూరల గిన్నెలు తిరిగినట్టే భాషల మధ్య కథలు తిరుగుతూ ఉంటాయన్నమాట.

ఇంకో ఉదాహరణ చెబుతాను. ఇది విన్నాకే నా మనసు మారింది. ఊర్మిళాదేవి నిద్ర పాట మీలో కొందరైనా వినే ఉంటారు. లక్ష్మణుడు అడవికి వెళ్ళిన పద్నాలుగేళ్ళూ ఊర్మిళ నిద్రపోయింది. ఆయన తిరిగొచ్చి పలకరిస్తే, ఎవరో పరాయి మగవాడనుకుని భయపడి మందలించింది. వాల్మీకి రామాయణంలో ఊర్మిళకు దొరికినది ఏపాటి చోటు? పెళ్ళినాడు కనిపించి మరి కనపడదంటే సరిపోతుంది. కావ్యాల్లో కవులు పట్టించుకోని ఆడవాళ్ళ గురించి రవీంద్రనాథ్ ఠాగూర్ బెంగాలీలో ఒక వ్యాసం రాస్తూ ఊర్మిళను తలుచుకున్నాడు. హిందీలో మైథిలీశరణ్ గుప్త సాకేత్ అనే కావ్యంలో ఊర్మిళకే పెద్దపీట వేశాడు. మన ఓల్గాగారు విముక్త కథల్లో సీత ఊర్మిళను కలుసుకోవడం రాశారు. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, ఇంగ్లీషులోకి కూడా వెళ్ళింది. మన ముత్తవ్వలు ఏ పుస్తకమూ ముట్టుకోకుండా, పనిపాటల మధ్య ఊర్మిళను పాటగా పాడుకున్నారు. ఈ నాలుగింటినీ ఒకచోట పెట్టి చూడడమే ఆ తరగతిగదిలో పని. అమెరికాలో తెలుగు బోధించిన వెల్చేరు నారాయణరావుగారు మన ఆడవాళ్ళ రామాయణపు పాటల మీద ఇంగ్లీషులో రాసిన వ్యాసం 1991లో అచ్చయింది. రామాయణాన్ని అధ్యయనం చేసేవాళ్ళు దేశదేశాల్లో దాన్ని చదువుతారు. రోలు దగ్గర పాడుకున్న పాటకు ఆ గౌరవం దక్కిందంటే నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

ఇక ఈ చదువు ఎక్కడిదో చూద్దాం. 1827లో జర్మనీ మహాకవి గేటే ఒక చైనా నవల చదివి, ఇక ఒక్కొక్క దేశపు సాహిత్యం అనుకునే రోజులు పోయాయి, ప్రపంచ సాహిత్యపు రోజులు వస్తున్నాయి అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. ఆయన మన కాళిదాసు శాకుంతలాన్ని అనువాదంలో చదివి మురిసిపోయినవాడే. 1907లో కలకత్తాలో జాతీయ విద్యా పరిషత్తు వారు ఠాగూర్‌ని ఈ విషయం మీద మాట్లాడమంటే, ఆయన దీనికి విశ్వసాహిత్యం అని పేరు పెట్టాడు. ఆ పరిషత్తే పెరిగి పెద్దదై 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం అయింది. మరుసటి ఏడు, 1956లో, కవి బుద్ధదేవ బోసు అక్కడ తులనాత్మక సాహిత్య శాఖను నెలకొల్పాడు. మన దేశంలో ఈ పేరుతో వచ్చిన మొదటి శాఖ అదే. అక్కడ బి.ఏ. నుంచే ఈ చదువు ఉంది.

మనకు దగ్గరలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. 1974లో ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడుగారి ఇల్లు, గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలై, తరువాత గచ్చిబౌలికి వెళ్ళిన విశ్వవిద్యాలయం అది. అక్కడ 1988 నుంచి తులనాత్మక సాహిత్య కేంద్రం నడుస్తోంది. ఎం.ఏ. ఉంది, పిహెచ్.డి. ఉంది. కుప్పంలో 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయంలో తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం సాహిత్యాలను పోల్చి చదివే శాఖ ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో భారతీయ సాహిత్యాలను పోల్చి చదివే ఎం.ఏ. ఉంది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలోనూ, కాసరగోడులో ఉన్న కేరళ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఇంగ్లీషు, తులనాత్మక సాహిత్యం రెండూ కలిపి ఒకే ఎం.ఏ.గా ఇస్తారు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, ఉద్యోగాల దగ్గర దీనితో పని పడుతుంది.

హైదరాబాదు వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఎం.ఏ.లకు 2022 నుంచి సియుఇటి అనే ఉమ్మడి ప్రవేశపరీక్ష పెడుతున్నారు. దానికి వయసు పరిమితి లేదు. డిగ్రీలో సాహిత్యమే చదివి ఉండాలన్న పట్టుదల అన్నిచోట్లా ఉండదు. ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి. ఫీజుల సంగతంటారా, ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలల్లో పోసేదానితో పోలిస్తే చాలా తక్కువ. హాస్టలు వసతి ఉంటుంది. పాఠాలు మాత్రం చాలావరకు ఇంగ్లీషులో సాగుతాయి. తెలుగు మీడియంలో చదివిన పిల్లకి మొదటి ఆరు నెలలూ కష్టమే. అలాగని భయపడి వెనక్కి రానక్కరలేదు. తెలుగు బాగా వచ్చి ఉండడం అక్కడ పెద్ద ఆస్తి. ఒక్క ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్ళు ఈ చదువులో కుంటుతారు. రెండు భాషలు గట్టిగా రావడం మొదటి అర్హత, మూడోది నేర్చుకుంటే మరీ మంచిది.

ఇప్పుడు అసలు ప్రశ్న. చదివాక అన్నం పెడుతుందా?

ఉన్నదున్నట్టు చెప్పాలి కదా! మా బంధువుల్లో ఒకమ్మాయి కొన్నేళ్ళ క్రితం ఈ ఎం.ఏ.నే మంచి మార్కులతో పాసయింది. ఒక ప్రైవేటు కళాశాలలో ఇంగ్లీషు లెక్చరరు ఉద్యోగానికి వెళితే, "మీ సర్టిఫికేట్ మీద ఇంగ్లీషు అని లేదు కదమ్మా" అని గుమ్మంలోనే వెనక్కి పంపారట. తెలుగు లెక్చరరుకి వెళితే తెలుగు అని లేదన్నారు. మా ఇంటికి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పిన్నీ, నేను రెండూ చదివానే, రెండూ నావి కాకుండా పోయాయి" అంది. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. కళాశాలల ఉద్యోగ ప్రకటనల్లో సంబంధిత సబ్జెక్టులో యాభై అయిదు శాతం మార్కులతో పి.జి. అని రాస్తారు. ఆ సంబంధిత అన్న చిన్న మాట దగ్గరే ఈ పిల్లలు తట్టుకుని పడుతున్నారు. సివిల్ సర్వీసు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది గాని, అక్కడి ఐచ్ఛికాంశాల్లో తెలుగు సాహిత్యం ఉంది, తులనాత్మక సాహిత్యం లేదు. కనుక ఈ చదువు ఒక్కటే చేతపట్టుకుని నేరుగా ఉద్యోగంలోకి నడిచి వెళ్ళవచ్చని నేను చెప్పను.

అయితే దారులు లేకపోలేదు. మొదటిది అధ్యాపక వృత్తి, పరిశోధన. యు.జి.సి. వారి నెట్ పరీక్షలో తులనాత్మక సాహిత్యం విడిగా ఒక సబ్జెక్టుగా ఉంది. రెండు పేపర్లు, నూటయాభై ప్రశ్నలు, మూడు వందల మార్కులు. ఎం.ఏ.లో యాభై అయిదు శాతం ఉండాలి. రిజర్వేషను వర్గాలవారికి యాభై చాలు. అందులో పైవరుసలో వచ్చినవాళ్ళకు జూనియర్ రీసెర్చి ఫెలోషిప్ ఇస్తారు. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళూ నెలకు 37,000 రూపాయలు, ఆపైన ఇంటద్దె భత్యం. ఆ ఫెలోషిప్‌కి వయసు ముప్ఫై దాటకూడదంటారు గాని, ఆడవాళ్ళకు అయిదేళ్ళు సడలింపు ఉంది. అధ్యాపక అర్హతకు వయసు పరిమితే లేదు. 2024 నుంచి పిహెచ్.డి. ప్రవేశానికి కూడా ఈ నెట్ మార్కులే పనికివచ్చేలా చేశారు. పెళ్ళితో చదువు ఆగిపోయిన డిగ్రీవాళ్ళు మీలో ఉంటే, ఈ మాటలు మీ అమ్మాయిల కోసమే కాదు, మీ కోసం కూడా.

రెండోది అనువాదం. కిందటి రోజుల్లో అనువాదకురాలి పేరు అట్టలోపల చిన్న అక్షరాల్లో ఉండేది. ఇప్పుడు మారుతోంది. కేంద్ర సాహిత్య అకాడమీ 1989 నుంచి అనువాదాలకు విడిగా బహుమతి ఇస్తోంది. 2025లో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ కథల సంపుటి హార్ట్ ల్యాంప్‌కి అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చింది. యాభై వేల పౌండ్ల ఆ సొమ్మును రచయిత్రికీ, ఇంగ్లీషు చేసిన దీపా భాస్తికీ చెరి సగం పంచారు. ఆ కథలన్నీ మన పక్క రాష్ట్రపు ముస్లిం కుటుంబాల్లోని ఆడవాళ్ళవి. ఇంటి నాలుగు గోడల మధ్య మాటలు లండన్ దాకా వెళ్ళాయంటే, మధ్యలో ఒకామె రెండు భాషలూ తెలిసి కూర్చుంది కనుకనే వెళ్ళాయి. బహుమతులు ఏ కొందరికో వస్తాయనుకోండి. మామూలుగా మాత్రం పుస్తకాల అనువాదం ఒక్కటే ఇల్లు గడుపుతుందని ఆశపడకూడదు. మరో ఉద్యోగానికి తోడుగా చేసుకునే పని అది.

"ఇప్పుడు అనువాదాలు యంత్రాలే చేసేస్తున్నాయిటగా" అని ఆ అమ్మాయి తండ్రి అడిగారు. మంచి ప్రశ్నే. నోటీసులూ, సరుకుల వివరాలూ, ఉత్తరాలూ యంత్రం గబగబా చేసేస్తోంది. ఆ మేరకు పని తగ్గుతుంది కూడా. కానీ "ఆయన చేతికి ఎముక లేదు" అన్న మాటలో ఉన్నది ఎముకల జబ్బు కాదనీ, దానగుణమనీ, అది అవతలి భాషలో ఏ మాటతో చెబితే అతుకుతుందో చూసి సరిదిద్దడానికి మనిషి కావాలి. యంత్రం చేసినది తప్పో ఒప్పో చెప్పగలిగినంత చదువు ఉన్నవాళ్ళకే ముందుముందు పని ఉంటుంది. పైపైన నేర్చుకుంటే లాభం లేదు.

మూడోది పుస్తక ప్రచురణ సంస్థలు, పత్రికలు, టి.వి., సినిమాలకు కింద వచ్చే మాటలు రాయడం, ప్రకటనలు రాయడం, పాఠ్యపుస్తకాలు తయారుచేయడం. ఇక్కడ సర్టిఫికేట్ మీద ఏం రాసుంది అన్నదానికంటే, పరీక్షగా ఇచ్చిన కాగితం మీద ఏం రాశావు అన్నది చూస్తారు. మా బంధువులమ్మాయి ఇప్పుడు పిల్లల పుస్తకాలు వేసే ఒకచోట ఎడిటింగు చేస్తోంది. జీతం మొదట్లో తక్కువే, ఇప్పుడు ఫరవాలేదు.

ఇంకా ఒక మంచి వెసులుబాటు ఉంది. చాలామందికి తెలియదు, అందుకని నిదానంగా చెబుతాను. ఒకే సమయంలో రెండు డిగ్రీలు చదువుకోవచ్చని యు.జి.సి. 2022 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది. అంటే యూనివర్సిటీకి వెళ్ళి తులనాత్మక సాహిత్యం చదువుతూనే, ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వంటి చోట దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుకోవచ్చు. చేరేముందు రెండు విశ్వవిద్యాలయాల నిబంధనలూ ఒకసారి అడిగి తెలుసుకోవాలి. అప్పుడు ఆ సంబంధిత సబ్జెక్టు అన్న గుమ్మం దగ్గర ఆగిపోనక్కరలేదు. లేదా మొదటే చెప్పానే, ఇంగ్లీషూ తులనాత్మక సాహిత్యమూ కలిసి ఉన్న ఎం.ఏ., అందులో చేరవచ్చు. మా బంధువులమ్మాయి నాడు ఈ సౌకర్యం లేదు. ఉంటే అన్ని కన్నీళ్ళు ఉండేవి కావు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక ఆదివారం పొద్దున్న నేనే పై వాటాకి వెళ్ళాను. "అన్నయ్యగారూ, నేను మొన్న అమ్మాయికి తెలియక ఒక మాట చెప్పాను. అది వెనక్కి తీసుకుంటున్నాను" అని మొదలుపెట్టి, లాభమూ నష్టమూ రెండూ చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత కూతుర్ని పిలిచి, "రెండూ చదవగలవా?" అని ఒక్కటే అడిగారు. చదువుతానంది. "అయితే రెండేళ్ళు. ఆపైన నెట్‌కి ఒక ఏడాది. అప్పటికి ఏ దారీ కనపడకపోతే నేను చెప్పినట్టు బి.ఇడి. చెయ్యాలి" అన్నారు. ఆ పిల్ల ఒప్పుకుంది. నాకది న్యాయంగానే తోచింది. ఇంటి పరిస్థితి ఆమెకీ తెలియాలి, ఆమె ఇష్టం ఇంటికీ తెలియాలి.

కనుక అక్కయ్యలూ, మీ అమ్మాయి ఇలాంటి చదువు పేరు చెబితే ముందు "వద్దు" అనకండి, "సరే" అని కూడా అనకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. ఏం చెబుతారు? సర్టిఫికేట్ మీద ఏమని రాస్తారు? ఇంతకు ముందు చదివినవాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారు? రెండో దారి ఏమిటి? ఈ నాలుగింటికీ జవాబు వెతుక్కోమని ఆమెకే అప్పగించండి. వెతికి తెచ్చిందంటే సగం ధైర్యం మీకు వచ్చినట్టే. తేలేకపోతే ఆ సంగతి ఆమెకే అర్థమవుతుంది.

ఆ అమ్మాయి ఇప్పుడు మొదటి సంవత్సరంలో ఉంది. ఉద్యోగం వస్తుందా రాదా అన్నది ఇవాళ నేను చెప్పలేను. మొన్న సెలవులకు వచ్చినప్పుడు మా అత్తగారి దగ్గర కూర్చుని, ఊర్మిళాదేవి నిద్ర పాడించుకుని ఫోనులో పట్టుకుంది. ఆవిడకి ఎనభై దాటాయి. మధ్యలో చరణాలు మరిచిపోతూ, గుర్తు చేసుకుంటూ గంటసేపు పాడారు. "ఇది కూడా చదువేనటే?" అని నన్నడిగారు. "చదువేనండీ అత్తయ్యా" అన్నాను. "ముందే తెలిస్తే పూర్తిగా గుర్తుపెట్టుకునేదాన్ని కదా" అన్నారావిడ.

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఇలాంటి పాటలు వస్తే, మరిచిపోకముందే పాడించి రాసిపెట్టుకోండి. వచ్చేసారి మళ్ళీ కలుసుకుందాం. సెలవు.